వస్తువు కంటె ముందు విద్యుత్తుకు పరీక్ష

తూకములో తేడా వచ్చినప్పుడు సరుకును అనుమానించే ముందు తక్కెడను చూడవలె. రాళ్ళు సరి అయినవేనా, ముల్లు నడుమ నిలుస్తున్నదా అని చూచిన తరువాతనే సరుకు తక్కువ వచ్చినదని అనవచ్చు. అంగడిలో అందరికీ తెలిసిన ఈ న్యాయమే విద్యుత్ పరికరములను పరీక్షించే ప్రయోగశాలలకు కూడా వర్తిస్తుంది. అయితే అక్కడ తక్కెడ అనదగినది కొలిచే మీటరు ఒక్కటే కాదు. పరీక్షలో ఉన్న వస్తువును నడిపించే విద్యుత్తు కూడా ఆ తక్కెడలో ఒక భాగమే. ఆ విద్యుత్తులో లోపము ఉంటే, మీటరు ఎంత ఖచ్చితమైనదైనా, తీర్పు తప్పుతుంది.

నీళ్ళు కాచే హీటరు, ఇస్త్రీపెట్టె, ఫ్యాను, రిఫ్రిజిరేటరు, ఎల్.ఇ.డి. దీపము, పొలములోని పంపుసెట్టు మోటారు - ఇటువంటి వస్తువుల నమూనాలను ప్రయోగశాలలో పరీక్షిస్తారు. అవి ఎంత శక్తిని వాడుకొంటున్నవి, ఎంత వేడెక్కుతున్నవి, తమతోపాటు అదే లైనుపై ఉన్న ఇతర పరికరములకు ఇబ్బంది కలిగిస్తున్నవా అని చూస్తారు. ఆ నివేదికను నమ్మి తయారీదారు వస్తువును బజారుకు పంపుతాడు; వస్తువుపై ఉన్న ముద్రను నమ్మి గృహస్థు దానిని కొంటాడు. కాబట్టి తప్పు తీర్పు వల్ల రెండు విధముల హాని కలదు. మంచి వస్తువు తప్పినదని తేలిస్తే తయారీదారు నష్టపోతాడు. చెడ్డ వస్తువు నెగ్గినదని తేలిస్తే ఆ నష్టము, ఒక్కొక్కప్పుడు అపాయము కూడా, ఏమీ తెలియక కొన్నవాని ఇంటికి చేరుతుంది.

ఈ కారణము చేతనే ప్రయోగశాలల సామర్థ్యమును గురించిన అంతర్జాతీయ ప్రమాణము, ఐ.ఎస్.ఓ./ఐ.ఇ.సి. 17025, తన 2017 నాటి ప్రతిలో ఫలితములను చెడగొట్టగల పరిస్థితులను పేర్కొంటూ దుమ్ము, తేమ, ఉష్ణోగ్రత, ధ్వని, కంపనము మొదలైన వాటి సరసన విద్యుత్ సరఫరాను కూడా చేర్చినది.

మంచి విద్యుత్తు అంటే ఏమిటి?

భారతదేశములో ఇళ్ళకు వచ్చేది ఏకాంతర విద్యుత్తు. దాని వోల్టేజి సున్న నుండి పెరిగి, శిఖరమునకు చేరి, తిరిగి సున్నకు దిగి, వ్యతిరేక దిశలో అంతే లోతుకు పోయి, మరల సున్నకు వస్తుంది. ఇది ఒక ఆవర్తనము. సెకనుకు ఇటువంటివి 50 జరుగుతవి. కాలమును అడ్డముగా, వోల్టేజిని నిలువుగా తీసుకొని గ్రాఫు గీస్తే త్రికోణమితిలో కనిపించే సైన్ వక్రము వస్తుంది.

ఈ తరంగపు శిఖరము సుమారు 325 వోల్టులు. మరి 230 వోల్టులు అని ఎందుకు అంటారు? నిరోధములో పుట్టే వేడి విద్యుత్ప్రవాహపు వర్గమునకు అనుపాతములో ఉంటుందని 1840-41 సంవత్సరములలో జౌల్ నిరూపించినాడు. కాబట్టి తరంగములోని ప్రతి క్షణపు విలువను వర్గము చేసి, ఆ వర్గముల సగటు తీసి, దానికి వర్గమూలము కడితే వచ్చే విలువే వేడి పుట్టించుటలో అసలైన విలువ. దీనిని వర్గమధ్యమ మూలము అంటారు. సైన్ తరంగమునకు ఇది శిఖరములో 0.707 వంతు, 325లో అంత భాగము 230. అనగా 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు హీటరులో ఎంత వేడి పుట్టిస్తుందో, 230 వోల్టుల ఏకముఖ విద్యుత్తు కూడా అంతే పుట్టిస్తుంది.

మంచి విద్యుత్తుకు నాలుగు లక్షణములు ఉండవలె. పరిమాణము సరిగా ఉండుట మొదటిది. పౌనఃపున్యము సరిగా ఉండుట రెండవది. తరంగము యొక్క ఆకారము సైన్ వక్రమునకు దగ్గరగా ఉండుట మూడవది. మూడు ఫేజుల సరఫరా అయితే ఆ మూడింటికీ సమతౌల్యము ఉండుట నాలుగవది. ఇవన్నీ పరీక్ష జరిగినంతసేపు నిలకడగా ఉండవలె. ఈ గుణముల సముదాయమునే విద్యుత్ నాణ్యత అంటారు.

పరిమాణము, పౌనఃపున్యము

ఒక హీటరుపై 230 వోల్టులు, 1000 వాట్లు అని రాసి ఉన్నదనుకొందాము. దాని నిరోధము 52.9 ఓములు. దానిని 220 వోల్టుల వద్ద పరీక్షిస్తే 915 వాట్లు మాత్రమే వస్తవి. 240 వోల్టుల వద్ద పరీక్షిస్తే 1089 వాట్లు వస్తవి. హీటరు ఒక్కటే, పదేసి వోల్టుల తేడాతో ఒకసారి తక్కువదిగా, ఒకసారి ఎక్కువ కాలేదిగా కనిపించినది. వోల్టేజిలో తేడా నాలుగు శాతమైతే వాట్లలో తేడా ఎనిమిది, తొమ్మిది శాతమైనది. శక్తి వోల్టేజి వర్గమును అనుసరించుటయే దీనికి కారణము.

తంతు దీపము ఇంకా సున్నితమైనది. దాని ఆయుర్దాయము వోల్టేజి యొక్క సుమారు పదమూడవ ఘాతమునకు విలోమముగా మారుతుంది. వోల్టేజి ఐదు శాతము పెరిగితే వెలుతురు ఇంచుమించు 18 శాతము పెరుగుతుంది, ఆయుర్దాయము దాదాపు సగమైపోతుంది. వేయి గంటలు వెలగవలసిన దీపమును అటువంటి విద్యుత్తుపై పరీక్షించి, ఐదువందల గంటలకే పోయినదని దీపమును నిందించుట న్యాయము కాదు.

పరీక్షలో వోల్టేజిని కావలెనని మార్చవలసిన సందర్భములు కూడా కలవు. గృహోపకరణముల భద్రతకు సంబంధించిన ఐ.ఇ.సి. 60335 ప్రమాణము ప్రకారము, వేడిచేసే పరికరములకు ఉష్ణోగ్రత పరీక్ష జరిపేటప్పుడు, వాటిపై రాసిన వాట్లకు 1.15 రెట్లు శక్తి అందేటట్లు నడుపుతారు. మోటారుతో నడిచే వాటిని రాసిన వోల్టేజికి 0.94 రెట్లు మొదలు 1.06 రెట్ల వరకు గల విలువలలో ఏది ఎక్కువ ప్రతికూలమో దాని వద్ద నడుపుతారు. పై హీటరుకు 1150 వాట్లు అందించవలెనంటే సుమారు 247 వోల్టులు కావలె. గోడలోని ప్లగ్గు నుండి వచ్చినంత తీసుకొనే ప్రయోగశాలలో ఈ పరీక్ష జరగదు. వోల్టేజిని ఇష్టము వచ్చినట్లు సర్ది, సర్దిన చోట నిలుపగల ఏర్పాటు ఉండవలె.

పౌనఃపున్యము తప్పితే మోటారుల వేగము తప్పుతుంది. నాలుగు ధ్రువములు గల మోటారులో అయస్కాంత క్షేత్రము 50 ఆవర్తనముల వద్ద నిమిషమునకు 1500 సార్లు తిరుగుతుంది, 49.5 వద్ద 1485 సార్లు తిరుగుతుంది. అపకేంద్ర పంపు తీసుకొనే శక్తి వేగపు ఘనమును అనుసరిస్తుంది కాబట్టి, వేగము ఒక శాతము తగ్గితే శక్తి దాదాపు మూడు శాతము తగ్గుతుంది. ఒక నాడు ఒక పంపును, మరునాడు మరొక పంపును పరీక్షించి పోల్చేటప్పుడు, రెండు నాళ్ళ పౌనఃపున్యములు ఒకటి కాకపోతే ఆ పోలిక చెల్లదు.

వోల్టు మీటరుకు కనిపించని దోషము

వీణపైన, వేణువుపైన ఒకే షడ్జమమును ఒకే స్థాయిలో పలికించినా చెవి రెండింటిని తేలికగా వేరు చేస్తుంది. మూలస్వరము ఒకటే అయినా, దానికి రెండు, మూడు, నాలుగు రెట్లు పౌనఃపున్యము గల అనుస్వరములు రెండింటిలో వేరువేరు పాళ్ళలో కలిసి ఉండుటయే దీనికి కారణము. ఏ ఆవర్తన తరంగమునైనా ఈ విధముగా మూల తరంగము, దాని గుణిజములుగా విడదీయవచ్చునని ఫోరియే తన 1822 నాటి గ్రంథములో చూపినాడు. ఆయన అప్పుడు వేడి ప్రసారమును గురించి ఆలోచిస్తున్నా, ఆ గణితమే నేడు విద్యుత్ ఇంజనీర్లకు ముఖ్య సాధనమైనది.

విద్యుత్తులో మూల తరంగము సెకనుకు 50 ఆవర్తనములు. మూడవ అనుస్వరము 150, ఐదవది 250, ఏడవది 350. వీటిని ఇంజనీర్లు హార్మోనిక్కులు అంటారు. సంగీతములో అనుస్వరములు నాదమునకు అందము. విద్యుత్తులో అవి మలినము. మోటారులను, ట్రాన్స్‌ఫార్మర్లను అనవసరముగా వేడి చేస్తవి.

ఈ మలినమును సాధారణ వోల్టు మీటరు పట్టుకోలేదు. ఒక సరఫరాలో మూల తరంగము 230 వోల్టులు ఉండి, దానిలో మూడవ అనుస్వరము 3 శాతము, ఐదవది 4 శాతము కలిసి ఉన్నవనుకొందాము. మొత్తము మలినమును కట్టుటకు ఈ రెంటినీ కూడరాదు. వర్గములను కూడి వర్గమూలము కట్టవలె. తొమ్మిది, పదహారు కలిపితే ఇరువదియైదు. దాని మూలము 5. అనగా తరంగ విరూపణము 5 శాతము. ఇది చిన్నది కాదు. అయితే ఇదే పద్ధతిలో మొత్తము వోల్టేజిని లెక్క కడితే 230.29 మాత్రమే వస్తుంది. వోల్టు మీటరు ముల్లు వెంట్రుకవాసి కదిలితే కదులుతుంది. మీటరు 230 చూపినది కాబట్టి విద్యుత్తు మంచిదని అనుకొనుట, పాలపాత్ర నిండి ఉన్నది కాబట్టి పాలలో నీళ్ళు కలవలేదని అనుకొనుట వంటిది.

కొన్ని మీటరుల విషయములో ఇంకొక చిక్కు కలదు. చవక మీటరులు వర్గమధ్యమ మూలమును నిజముగా కట్టవు. తరంగము యొక్క సగటును కొలిచి, దానిని 1.11 చేత గుణించి చూపుతవి. సైన్ తరంగమునకు ఈ యుక్తి చెల్లుతుంది. ఇతర ఆకారములకు చెల్లదు. ఒక పరికరము ప్రతి అర్ధావర్తనములోను నాలుగవ వంతు కాలము మాత్రము 4 ఆంపియర్లు తీసుకొని, మిగిలిన కాలము ఏమీ తీసుకోదనుకొందాము. వర్గము 16, నాలుగవ వంతు కాలమే కాబట్టి సగటు 4, దాని మూలము 2. నిజమైన విలువ 2 ఆంపియర్లు. చవక మీటరు సగటైన 1 ఆంపియరును 1.11 చేత గుణించి 1.11 ఆంపియర్లు అని చూపుతుంది. తీగలో పుట్టే వేడి ఆ మీటరును నమ్మి కట్టిన దానికి మూడు రెట్లకు పైగా ఉంటుంది. కనుకనే ప్రయోగశాలలో ఆకారముతో పని లేకుండా నిజమైన వర్గమధ్యమ మూలమును కట్టే మీటరులనే వాడవలె.

చెడ్డ విద్యుత్తు చెడ్డ వస్తువును నెగ్గించుట

నాణ్యత లేని విద్యుత్తు మంచి వస్తువును చెడ్డదిగా చూపుతుందని ఎవరైనా ఊహించవచ్చు. దీనికి తారుమారుగా, చెడ్డ వస్తువును మంచిదిగా కూడా చూపగలదని అంత తేలికగా తోచదు. ఎక్కువ అపాయకరమైనది ఈ రెండవదే.

టెలివిజను, కంప్యూటరు, ఫోనుకు ఛార్జి ఎక్కించే సాధనము, ఎల్.ఇ.డి. దీపము మొదలైనవి ఏకాంతర విద్యుత్తును ముందు ఏకముఖముగా మార్చుకొంటవి. ఈ పనికి వాటిలో ఒక డయోడుల అమరిక, ఒక కండెన్సరు ఉంటవి. కండెన్సరును ఒక చెరువుగాను, బయటి వోల్టేజిని కాలువలోని నీటిమట్టముగాను భావించవచ్చు. కాలువ మట్టము చెరువు మట్టము కంటె పైకి లేచినప్పుడే నీరు లోనికి పారుతుంది. కాబట్టి విద్యుత్తు తరంగపు శిఖరము దగ్గర కొద్దిసేపు మాత్రము ఒక్క ఉదుటున ప్రవహిస్తుంది. మిగిలిన కాలము ప్రవాహము ఉండదు. ఇట్లా సన్నగా, ఎత్తుగా ఉండే ప్రవాహములో అనుస్వరములు మెండు.

ఇటువంటి పరికరములు ఒక భవనములో వందలకొద్దీ ఉంటే అన్నీ కలిసి శిఖరము దగ్గరనే విద్యుత్తును లాగుతవి. అప్పుడు తీగలలోను, ట్రాన్స్‌ఫార్మరులోను వోల్టేజి కొంత పోయి, తరంగము యొక్క శిఖరము అరిగిన కొండవలె చదునవుతుంది.

ఒక ప్రయోగశాలకు ఇటువంటి చదును తరంగమే వస్తున్నదనుకొందాము. అక్కడికి ఒక కొత్త దీపమును, అది పుట్టించే అనుస్వరములు హద్దులో ఉన్నవో లేవో తేల్చుటకు తెచ్చినారు. తరంగపు తల చదునుగా ఉన్నది కాబట్టి కాలువ మట్టము చెరువు మట్టమునకు పైన ఎక్కువసేపు నిలుస్తుంది. ప్రవాహము సన్నగా ఎత్తుగా కాక, వెడల్పుగా పొట్టిగా వస్తుంది. అనుస్వరములు తగ్గుతవి. దీపము పరీక్షలో నెగ్గుతుంది. అదే దీపమును స్వచ్ఛమైన సైన్ తరంగముపై పరీక్షిస్తే హద్దు దాటి తప్పవచ్చు. ఇంతకుముందు వచ్చిన పరికరములు చెడగొట్టిన విద్యుత్తే కొత్తగా వచ్చే దోషికి చాటు కల్పించినది.

ఈ మోసమును నివారించుటకే అనుస్వరముల హద్దులను నిర్ణయించే ఐ.ఇ.సి. 61000-3-2 ప్రమాణము వస్తువుకు మాత్రమే గాక, వస్తువును పరీక్షించే విద్యుత్తుకు కూడా హద్దులు పెట్టినది. ఫేజుకు 16 ఆంపియర్ల వరకు తీసుకొనే పరికరములకు వర్తించే ఈ ప్రమాణము ప్రకారము, పరీక్షా వోల్టేజి చెప్పిన విలువకు 2 శాతమునకు మించి తేడా పడరాదు. పౌనఃపున్యము అర శాతమునకు మించి తేడా పడరాదు. మూడవ అనుస్వరము 0.9 శాతము, ఐదవది 0.4 శాతము, ఏడవది 0.3 శాతము, తొమ్మిదవది 0.2 శాతము మించరాదు. పదకొండు మొదలు నలభై వరకు ఒక్కొక్కటి 0.1 శాతము లోపల ఉండవలె.

అంతటితో ఆగక శిఖరమునకు కూడా హద్దు పెట్టినారు. శిఖరము వర్గమధ్యమ మూలమునకు 1.40 మొదలు 1.42 రెట్ల లోపల ఉండవలె. 230 వోల్టులకు ఇది 322 మొదలు సుమారు 327 వోల్టులు. తరంగము సున్నను దాటిన తరువాత 87 డిగ్రీలకు, 93 డిగ్రీలకు మధ్యనే ఆ శిఖరము రావలె. 50 ఆవర్తనముల విద్యుత్తులో ఈ ఆరు డిగ్రీల వ్యవధి సెకనులో మూడువేలవ వంతు మాత్రమే. పైన వర్ణించిన చదును తరంగము 230 వోల్టులు చూపినా ఈ జల్లెడలో నిలవదు.

మరొక ముఖ్య విషయము కలదు. ఈ హద్దులను వస్తువును కలిపి నడుపుతున్నప్పుడే చూడవలె. వస్తువు లేనప్పుడు స్వచ్ఛముగా ఉన్న తరంగము, వస్తువు విద్యుత్తును లాగగానే వంకర పోవచ్చు.

మూడు ఫేజుల సమతౌల్యము

పెద్ద మోటారులకు మూడు ఫేజుల విద్యుత్తు కావలె. మూడు తరంగములు ఒకదాని వెనుక ఒకటి 120 డిగ్రీల ఎడముతో వస్తవి. మూడింటిలోను ప్రవాహములు సమానమై, సైన్ ఆకారములో ఉంటే వాటి మొత్తము ప్రతి క్షణము సున్న. న్యూట్రల్ తీగలో ప్రవాహము ఉండదు. కాని మూడవ అనుస్వరము మూడు రెట్లు వేగముగా తిరుగుతుంది. మూల తరంగమునకు 120 డిగ్రీల ఎడము అయితే, దానికి మూడు 120లు, అనగా 360 డిగ్రీలు, ఒక పూర్తి చుట్టు. కాబట్టి మూడు ఫేజులలోని మూడవ అనుస్వరములు ఒకదానినొకటి రద్దు చేసుకొనక, ఒకే అడుగున నడిచి న్యూట్రల్ తీగలో కూడుకొంటవి. పైన చెప్పిన ఎలక్ట్రానిక్ పరికరములే ఎక్కువగా ఉన్నచోట న్యూట్రల్ ప్రవాహము ఫేజు ప్రవాహమునకు 1.73 రెట్ల వరకు పోగలదు. ఏమీ ప్రవహించదని సన్నని తీగ వేసిన చోట ఇది నిప్పుకు దారి తీస్తుంది. వస్తువు పుట్టించే అనుస్వరములను ప్రయోగశాలలో అంత పట్టుదలతో కొలుచుటకు కారణమిదే.

మూడు ఫేజుల వోల్టేజిలు సమానముగా లేకపోతే మోటారుకు కష్టము. మూడు లైను వోల్టేజిలు 400, 412, 388 అనుకొందాము. సగటు 400, సగటు నుండి అత్యధిక భేదము 12, అనగా అసమతౌల్యము 3 శాతము. మోటారు ఉష్ణోగ్రత పెరుగుదలలో కలిగే వృద్ధిని అంచనా కట్టుటకు ఇంజనీర్లు వాడే ఉజ్జాయింపు సూత్రము ఇది: అసమతౌల్యపు శాతమును వర్గము చేసి రెట్టింపు చేయవలె. మూడు వర్గము తొమ్మిది. రెట్టింపు 18 శాతము. గది ఉష్ణోగ్రత కంటె 80 డిగ్రీలు పెరగవలసిన మోటారు చుట్ట ఇప్పుడు సుమారు 94 డిగ్రీలు పెరుగుతుంది. 80 డిగ్రీలే దాని హద్దు అయితే ఆ మోటారు పరీక్షలో తప్పినట్లే. దోషము మాత్రము మోటారుది కాదు. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములలో పొడుగైన లైనుల చివర ఉన్న పంపుసెట్ల మోటారులు కాలిపోవుటకు గల కారణములలో కూడా ఈ అసమతౌల్యము ఒకటి.

క్షణిక దోషములు

కొన్ని దోషములు వచ్చినంత వేగముగా పోతవి. ఎక్కడో ఒక పెద్ద మోటారు ఆరంభమైనా, దూరపు లైనులో షార్టు సర్క్యూటు జరిగినా, వోల్టేజి 90 శాతము కంటె క్రిందికి కుంగి మరల లేస్తుంది. ఇది కొన్ని ఆవర్తనముల కాలమే కావచ్చు. మనిషి కన్ను దీపము ఒక్కసారి మినుకుమన్నట్లు మాత్రమే గుర్తిస్తుంది. కాని రిలేలు వదిలివేయుటకు, ఎలక్ట్రానిక్ నియంత్రణ సాధనము మొదటికి వచ్చుటకు అంత కాలము చాలును. రిఫ్రిజిరేటరు రోజంతా వాడే శక్తిని కొలిచే పరీక్షలో అర్ధరాత్రి ఇటువంటిది ఒకటి జరిగి, ఎవరూ గమనించకపోతే, మరునాడు వచ్చిన అంకెను వివరించుట ఎవరి తరము కాదు. కాబట్టి ఎప్పటికప్పుడు రాసి ఉంచే సాధనము నిద్ర లేకుండా కాపలా కాయవలె.

విద్యుత్తును పరీక్షించే విధానము

ఈ కాపలా సాధనము విద్యుత్ నాణ్యత విశ్లేషకము. అది వోల్టేజిని, ప్రవాహమును ప్రతి ఆవర్తనములోను అనేక పర్యాయములు కొలిచి, ఫోరియే గణితము చేత మూల తరంగమును, అనుస్వరములను వేరు చేస్తుంది. ఒకే సరఫరాను రెండు సాధనములు కొలిస్తే ఒకే జవాబు రావలెనని ఐ.ఇ.సి. 61000-4-30 అనే ప్రమాణము కొలిచే పద్ధతిని నిర్ణయించినది. దీని ప్రకారము 50 ఆవర్తనముల సరఫరాలో పది పది ఆవర్తనములను, అనగా సెకనులో ఐదవ వంతును, ఒక పూటగా తీసుకొంటారు. వాటిని 3 సెకనులకు, 10 నిమిషములకు, 2 గంటలకు క్రోడీకరిస్తారు. కుంగుబాట్ల వంటి వాటిని అర్ధావర్తనమునకు ఒకసారి సరిచూస్తారు. ఉత్తమ తరగతి సాధనములో వోల్టేజి కొలతలోని అనిశ్చితి 0.1 శాతము మించరాదు.

సాధనము ఎంత మంచిదైనా కొలిచే చోటు, కొలిచే కాలము సరిగా ఉండవలె. మెయిన్ బోర్డు దగ్గర 230 వోల్టులు ఉండి, సన్నని పొడుగు తీగ చివర వస్తువు వద్ద 224 మాత్రమే ఉండవచ్చు. కాబట్టి వోల్టేజిని వస్తువు యొక్క కొనల వద్దనే కొలవవలె. పగటివేళ, రాత్రివేళ, సెలవునాడు సరఫరా ఒక్కతీరున ఉండదు. కాబట్టి మొదటి సర్వేను కనీసము ఒక వారము నడుపుట మేలు. తరువాత ప్రతి పరీక్షలోను వస్తువు లేకుండా ఒకసారి, వస్తువుతో ఒకసారి చూడవలె. విశ్లేషకమును కూడా నియమిత కాలమునకు ఒకసారి పైస్థాయి ప్రమాణముతో సరిపోల్చుకోవలె. ఆ పోలికల గొలుసు భారతదేశములో చివరకు న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల కాపాడే ప్రమాణములకు చేరుతుంది.

దోషమునకు తగిన మందు

దోషము ఏదో తెలిస్తేనే మందు కుదురుతుంది. వోల్టేజి ఎక్కువ తక్కువలు మాత్రమే ఉంటే స్టెబిలైజరు చాలును. కాని స్టెబిలైజరు పరిమాణమునే దిద్దుతుంది. వంకర తరంగమును లోనికి ఇస్తే వంకర తరంగమునే 230 వోల్టులకు సరిచేసి ఇస్తుంది. పౌనఃపున్యమును అది ఏమాత్రము దిద్దలేదు. బ్యాటరీతో నడిచే యు.పి.ఎస్.లు అన్నీ సైన్ తరంగమును ఇవ్వవు. ఇచ్చేవి కూడా కొన్ని, శిఖరము దగ్గర లాగే పరికరములు తగిలితే ఆకారమును నిలుపుకోలేవు. కఠినమైన పరీక్షలకు ఎలక్ట్రానిక్ విద్యుత్ జనకమును వాడతారు. అది గ్రిడ్డు నుండి వచ్చిన విద్యుత్తును ముందు ఏకముఖముగా మార్చి, దాని నుండి కోరిన పరిమాణము, పౌనఃపున్యము గల సైన్ తరంగమును కొత్తగా తయారు చేస్తుంది. కావలెనంటే కుంగుబాట్లను కూడా లెక్క ప్రకారము పుట్టించి, వస్తువు వాటికి తట్టుకొంటున్నదో లేదో చూడవచ్చు.

ఇది ఖరీదైనది. చిన్న ప్రయోగశాల అన్ని పరీక్షలకు దానిని కొనలేకపోవచ్చు. అయితే లిఫ్టులకు, ఎయిర్ కండిషనర్లకు వెళ్ళే లైను నుండి పరీక్ష బల్లల లైనును వేరు చేయుట, తీగలను లావుగా, పొట్టిగా వేయుట, మూడు ఫేజులపై భారమును సమముగా పంచుట వంటివి తక్కువ ఖర్చుతోనే ఎక్కువ మేలు చేస్తవి. ఇవి కూడా వీలు కాకపోతే, సరఫరా హద్దులో ఉన్న వేళలలోనే పరీక్ష జరిపి, హద్దు దాటిన వేళ వచ్చిన ఫలితములను కొట్టివేయవలె. కొట్టివేయుటకైనా ముందు హద్దు దాటినదని తెలియవలె గదా!

పరీక్ష ముగిసిన తరువాత నివేదికలో వస్తువు యొక్క ఫలితములతోపాటు సరఫరా వోల్టేజి, పౌనఃపున్యము, విరూపణము రాసి ఉంచితే, ఇంకొక ప్రయోగశాల అదే పరీక్షను మరల చేసి సరిచూడవచ్చు. రెండు చోట్ల వచ్చిన జవాబులు కలవనప్పుడు తేడా వస్తువులో ఉన్నదా, విద్యుత్తులో ఉన్నదా అని తేల్చవచ్చు. ఆ అంకెలు లేని నివేదికపై వివాదము వస్తే తీర్చే మార్గము ఉండదు.

ఉన్నత పాఠశాలలో కూడా ఈ విషయమును కొంతవరకు పరిశీలించవచ్చు. ఉపాధ్యాయుని పర్యవేక్షణలో, ప్లగ్గులో అమర్చే వోల్టేజి మీటరు సహాయముతో, ఉదయము నుండి సాయంత్రము వరకు గంటకు ఒకసారి వోల్టేజిని రాసుకొని విద్యార్థులు గ్రాఫు గీయవచ్చు. పైన చెప్పిన 1000 వాట్ల హీటరు ఆయా గంటలలో ఎన్ని వాట్లు ఇస్తుందో ఓము సూత్రము చేత కట్టవచ్చు. ఒకే హీటరుకు ఒకే రోజున ఎన్ని వేరువేరు జవాబులు వచ్చినవో చూచిన విద్యార్థికి, ప్రయోగశాలలో వస్తువును తాకే ముందు విద్యుత్తును ఎందుకు పరీక్షిస్తారో ఇక వేరే చెప్పనక్కరలేదు.